మట్టికి ఎండ ఎప్పుడు చూపించాలి?

శ్రోతలకు నమస్కారం.

దీపావళికి ప్రమిదలు ఇంట్లోనే చేసుకుందామని ఈమధ్య మన సిక్కోలులోనూ, విజయనగరంలోనూ చాలామంది మట్టి పిసుకుతున్నారు. బళ్లలో పిల్లల చేత చేయిస్తున్నారు. నాకెంతో సంతోషం. అయితే నాలుగు రోజులు తిరిగేసరికి అందరిదీ ఒకటే మాట: "చెయ్యడం బాగానే చేశామండీ, ఆరేసరికి పగిలిపోయాయి."

మట్టిని అనుమానించకండి. నాగావళి, వంశధార పరీవాహకంలో తరతరాలుగా కుండలు చేస్తున్నది ఈ మట్టితోనే. ఆరబెట్టడంలో తొందరే కొంప ముంచుతుంది.

తడి మట్టిలో రేణువుల మధ్య నీళ్లుంటాయి. నీళ్లు పోయేకొద్దీ రేణువులు దగ్గరకు జరిగి వస్తువు తగ్గుతుంది. పది సెంటీమీటర్ల గిన్నె ఆరేసరికి అర సెంటీమీటరు దాకా తగ్గవచ్చు. అన్ని వైపులా ఒకేలా తగ్గితే ఏ బాధా లేదు. అంచు ముందే ఆరిపోయి, అడుగు ఇంకా తడిగా ఉంటేనే పేచీ. అంచు లాగుతుంది, అడుగు కదలదు. అక్కడే చీలిక పడుతుంది.

ఈ సంగతి మన కుమ్మరివారికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఒక్కసారి వాళ్ల వాకిట్లో కూర్చుని చూడండి. కుండ సారె మీదే, అంటే కుమ్మరి చక్రం మీదే, పూర్తవుతుందని మనం అనుకుంటాం. పూర్తవదు. సారె మీంచి దించేసరికి గోడలు ఇంకా మందంగానే ఉంటాయి. దాన్ని నీడన పెడతారు. గడియారం చూడరు. వేలితో నొక్కి చూస్తారు. వేలు దిగబడితే ఇంకా ఆగాలి. వేలు దిగకుండా, గోటితో గీస్తే మాత్రం గీత పడిందా, వేళయినట్టే. అప్పుడు లోపల ఒక చేత్తో గుండ్రటి రాయి ఆనించి, రెండో చేత్తో బయట చెక్కతో కొడతారు. అంటుకోకుండా బూడిద అద్దుకుంటూ, కుండను తిప్పుకుంటూ, టప్ టప్ మని ఒకే లయలో. దెబ్బ దెబ్బకీ గోడ పలచబడుతుంది, పొట్ట గుండ్రంగా ఉబ్బుతుంది. కాస్త ముందు కొడితే మట్టి చెక్కకి అంటుకుని వస్తుంది. కాస్త ఆలస్యమైతే అదే దెబ్బకి కుండ పగులుతుంది. సారె తిప్పడం కన్నా ఆ వేళ పట్టుకోవడమే గొప్ప విద్య అని నా అభిప్రాయం.

కొత్తగా చేసేవాళ్లు దీన్నుంచి ఒక్కటి పట్టుకుంటే చాలు. సగం ఆరేదాకా నీడ, ఆ తర్వాతే ఎండ. మళ్లీ చెబుతున్నాను, సగం ఆరేదాకా నీడ. మట్టి తగ్గడం చాలా మటుకు ఆ మొదటి దశలోనే అయిపోతుంది. తడి రంగు పోయి లేత రంగు తేలాక లోపల కొంత తడి ఉన్నా వస్తువు ఇక పెద్దగా తగ్గదు, అప్పుడు ఎండలో పెట్టినా అంత భయం లేదు. మొదట్లోనే ఎండలో పెడితే, మిట్టమధ్యాహ్నం ఆరేసిన అప్పడంలా అంచులు పైకి లేస్తాయి.

ఫ్యాను గాలీ వద్దు. వదులుగా ప్లాస్టిక్ సంచి కప్పండి. అంచు కాస్త గట్టిపడ్డాక బోర్లిస్తే అడుగుకీ గాలి తగులుతుంది. టీ కప్పుకి పిడి అతికించాలంటే రెండింటి తడీ ఒకేలా ఉండాలి. అతికే చోట ఫోర్కుతో గరుకుగా గీసి, జారుడు మట్టి, అంటే నీళ్లలో పలచగా కలిపిన మట్టి, పూసి నొక్కండి. పిడి సన్నం కాబట్టి ముందే ఆరిపోతుంది, దానికి విడిగా ప్లాస్టిక్ ముక్క చుట్టండి. కాల్చేదాకా కప్పుని పిడి పట్టుకుని మాత్రం ఎత్తకండి. అడుగున రెండు చేతులూ వెయ్యండి.

మన తీరానికి ఇంకో చిక్కుంది. దీపావళి ముందు రోజులంటే మనకు వాయుగుండాల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. గాలిలో చెమ్మ ఉంటే పైకి ఆరినట్టున్నా లోపల తడి మిగులుతుంది. చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడితో ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, పెడితే నీరు ఆవిరై వస్తువు పేలిపోతుంది, పక్కవాటినీ పాడుచేస్తుంది. అందుకే వినాయక చవితి అవగానే ప్రమిదలు మొదలుపెట్టండి.

పగిలినవి పారెయ్యకండి. కాల్చనంతవరకూ అది మట్టే. పూర్తిగా ఎండనిచ్చి, చితక్కొట్టి నీళ్లలో వెయ్యండి. సగం తడి ముద్ద తొందరగా నానదు, ఎండిన పెళ్ల ఇట్టే విడిపోతుంది. మట్టి నీళ్లు మాత్రం సింకులో పొయ్యకండి, గొట్టం పూడుకుపోతుంది. పెరట్లో పొయ్యండి.

నమస్కారం.