భోజనాలయ్యాయా?
(తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

గిడుగు వారి పుట్టినరోజు సభలో మాట్లాడమని గ్రంథాలయం వారు పిలిచి, విషయం ఏమిటని అడిగారు. కబుర్లు అన్నాను. అవతల కాసేపు మౌనం. "అంటే జానపద సాహిత్యమా అమ్మా?" అని మళ్ళీ అడిగారు. కాదండీ, "కాఫీ తాగారా", "మీ వైపు వాన పడిందా", "మోకాలి నొప్పి ఎలా ఉంది" అని రోజూ అనుకునే మాటలు, వాటి మీదే అన్నాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పద్యాలూ ప్రతిపదార్థాలూ చెప్పినదాన్ని. ఇప్పుడు ఈ చిన్న మాటల దగ్గరికి రావడానికి కారణం చెబుతాను.

1984లో మేము బి.ఇడి. చదివాం. ఆడపిల్లలం ముందు బల్లల్లో, మగపిల్లలు వెనక బల్లల్లో. ఏడాదంతా కలిసి చదివినా వాళ్ళతో నేను మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తర్వాత ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, బదిలీలు. తలో ఊరికీ చెదిరిపోయాం. 2015లో ఒక సహాధ్యాయి మా తరగతి ఫోటో సంపాదించి, దొరికినవాళ్ళందరినీ వాట్సాప్‌లో ఒకచోట చేర్చారు. ఇప్పుడు 43 మందిమి. శ్రీకాకుళంలో ఒకరు, అనంతపురంలో ఒకరు, ఆదిలాబాద్‌లో ఒకరు, న్యూజెర్సీలో కూతురి దగ్గర ఒకరు.

మొదటి ఏడాది అందరం మర్యాదగా ఉన్నాం. పువ్వుల బొమ్మలు, సూక్తులు, పండుగ శుభాకాంక్షలు. అవి ఎవరు పంపినా ఒకటే, ఎవరికి పంపినా ఒకటే. ఎప్పుడు మారిందో నాకు గుర్తుంది. ఒక రోజు మాతో చదివిన లెక్కల మాస్టారు, "మా ఆవిడ ఊళ్ళో లేదు, వంకాయ కూరలో కారం ఎప్పుడు వేయాలి?" అని రాశారు. పది నిమిషాల్లో పదిహేడు జవాబులు. కొత్తిమీర కారమా, కూరపొడి కారమా, వెల్లుల్లి వేస్తారా లేదా అని పెద్ద చర్చ. ఆయన కూర మాడిపోయిందట, అది వేరే సంగతి. ఆ మధ్యాహ్నం నుంచి మేము మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

ఇప్పుడు మా పొద్దు ఎలా మొదలవుతుందో చెబుతాను. అయిదు గంటలకు లెక్కల మాస్టారు తిథి చెబుతారు. ఆ తర్వాత శ్రీకాకుళం టీచరు గారు ఇంటి ముందు వేసిన ముగ్గు ఫోటో పెడతారు. ఆరు గంటలకు అందరం కాఫీలతో వచ్చేసరికి న్యూజెర్సీ ఆవిడకు ఎండాకాలంలో రాత్రి ఎనిమిదిన్నర. "మా భోజనాలు ఇప్పుడే అయ్యాయి" అంటారు. జూన్ వస్తే ఇక వాన కబుర్లే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు రాయాల్సిందే, దానికి అందరం అవునవునని అనాల్సిందే. మృగశిర కార్తె రాగానే హైదరాబాద్ వాళ్ళు చేపల కూర ఫోటో పెడతారు. అనంతపురం మాస్టారు మాత్రం, "మబ్బు వచ్చింది, మమ్మల్ని చూసింది, వెళ్ళిపోయింది" అని రాస్తారు. ఆ వాక్యం పదేళ్ళుగా రాస్తున్నారు. మాకు విసుగు రాలేదు. ఒక జూన్‌లో ఆయన అది రాయకపోతే మేమే అడిగాం, మబ్బు వచ్చిందా అని.

ఈ మాటల్లో సమాచారం ఎంత అని ఎవరైనా లెక్క వేస్తే దాదాపు ఏమీ ఉండదు. తిథి క్యాలెండర్లో ఉంది. వాన సంగతి వార్తల్లో వస్తుంది. మరి ఎందుకు మాట్లాడుకుంటున్నాం?

ఈ ప్రశ్న చాలాకాలం కిందటే ఒక మానవశాస్త్రవేత్తకు వచ్చింది. బ్రోనిస్లా మలినోవ్‌స్కీ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియండ్ దీవుల్లో ఉండి అక్కడి మనుషుల జీవితాన్ని దగ్గరగా చూశారు. సాయంకాలాలు వాళ్ళు గుమికూడి చెప్పుకునే ఊసుపోని మాటలకు అర్థం కన్నా వేరే పని ఉందని 1923లో ఒక వ్యాసంలో రాశారు. మనిషికీ మనిషికీ మధ్య బంధం వేయడమే ఆ పని అన్నారు. ఆయన పెట్టిన పేరును మన భాషలోకి తేవాలంటే నేను 'మాటల పొత్తు' అంటాను. పొత్తు అంటే పాత తెలుగులో కలిసి కూర్చుని తినడం కూడా. ఒకే పొత్తులో తిన్నవాళ్ళు అంటాం కదా. ఒకే మాటలో కూర్చున్నవాళ్ళు కూడా ఉంటారు.

మన పెద్దలకు ఈ సంగతి శాస్త్రవేత్త చెప్పక ముందే తెలుసు. మా తాతగారికి వచ్చే ఉత్తరాల్లో మొదటి మాట 'ఉభయకుశలోపరి'. మీరూ మేమూ క్షేమమన్న మాట అయిన తర్వాత తక్కిన సంగతులని దాని భావం. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది, ధర కాలణా. ఆ అరచేతి అట్టముక్కలో సగం ఈ క్షేమ సమాచారాలకే పోయేది. "ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను." చోటు తక్కువని ఆ వాక్యాన్ని ఎవరూ వదిలిపెట్టలేదు; అసలు విషయాన్ని కుదించుకున్నారు. మధ్యాహ్నం ఎవరు ఎదురైనా మనం "భోజనాలయ్యాయా?" అని అడుగుతాం. కాలేదంటే ఇంటికి రమ్మంటాం, అయిందంటే ఏం కూర అని అడుగుతాం. వెళ్ళేవాళ్ళు "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. రేపటి కబుర్లకు ఈ రోజే తలుపు తీసి ఉంచడం అది.

ఈ మాటలకు మనకెన్ని పేర్లో చూడండి. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఖబర్ అంటే వార్త. మనం దాన్ని కబురు చేసుకున్నాం. ఏకవచనంలో అది ఇప్పటికీ వార్తే: "కబురు పంపారు" అంటాం. బహువచనం చేయగానే వార్త ఆవిరైపోయి మనుషులు మిగిలారు, కబుర్లు అయింది. ముచ్చట అంటే తెలంగాణలో మాట, సంగతి. కోస్తాలో ముద్దు, సరదా. రెండు అర్థాలూ ఒకే పదంలో ఎందుకు ఇమిడాయో మా గ్రూపులో కూర్చుంటే నాకు అర్థమైంది. ఇక లోకాభిరామాయణం. మనం చెప్పుకునే ఊసుపోని మాటల్లోకి సాక్షాత్తు రాముణ్ణి తెచ్చి కూర్చోబెట్టిన భాష మనది.

ఇక్కడ ఒక నిజం చెప్పకుండా ముందుకు పోలేను. కబుర్లనగానే మన కవులూ రచయితలూ రచ్చబండనూ అరుగునూ తలచుకుని మురిసిపోతారు. మా తాతగారి అరుగు నాకూ ఇష్టమే. తెనాలి దగ్గర పల్లె మాది. సాయంత్రం పదిమంది చేరేవారు. ఒకాయన జనుము పురి పెడుతూ కూర్చునేవాడు, ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు, అయినా ఆయన రాని రోజు అరుగు బోసిగా ఉండేది. కానీ ఆ అరుగు మీద నాకు చోటు లేదు. మా అమ్మకు లేదు, అమ్మమ్మకు లేదు. మా కబుర్లు పెరట్లో గిలక బావి దగ్గర, పప్పు విసిరే తిరగలి దగ్గర. పాలేరు, చాకలి, దళితవాడ నుంచి పని మీద వచ్చినవాళ్ళు అరుగు కింద నిలబడి మాట్లాడేవారు. కూర్చునే హక్కు ఉన్నవాళ్ళకే అది రచ్చబండ. ఊరి కబుర్లు అంటున్నప్పుడు ఊళ్ళో సగానికి పైగా జనం వాటిలో లేరని గుర్తుపెట్టుకోవాలి.

అందుకే మా గ్రూపంటే నాకు అంత పట్టింపు. 1984లో వెనక బల్ల వైపు చూడటానికి జంకిన ఆడపిల్ల ఈ రోజు లెక్కల మాస్టారితో ఆవకాయలో ఆవపిండి పాళ్ళ గురించి వాదిస్తోంది. ఎవరి కులం ఏమిటో అప్పుడు అందరికీ తెలుసు, అది చూసే కూర్చునేవారు. ఇప్పుడు ఎవరి మాట కిందికి ఎవరి మాట వస్తుందో నిర్ణయించేది ఎవరు ముందు నిద్ర లేచారన్నదే. ఇంత చిన్న సమానత్వానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

గిడుగు వారి రోజున ఈ విషయం మాట్లాడటానికి రెండో కారణం భాష. 1863లో పుట్టిన రామమూర్తి గారు జీవితమంతా అడిగింది ఒక్కటే: జనం మాట్లాడే తెలుగును రాతలోకి రానివ్వండి అని. వ్యాసాలకు, పాఠ్యపుస్తకాలకు, పత్రికలకు ఆ భాష వచ్చింది. కబుర్లు మాత్రం చాలాకాలం రాతలోకి రాలేదు. అవి గాలిలో పుట్టి గాలిలో కలిసేవి. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, కంప్యూటర్ తెర మీద తెలుగు అక్షరం కనిపించని రోజుల్లో, రోమన్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద దాన్ని ఆర్.టి.ఎస్. అన్నారు. దూరదేశంలో ఉన్నవాళ్ళు దానితోనే కబుర్లు చెప్పుకున్నారు. తర్వాత ఏ తెర మీదైనా తెలుగు అక్షరం ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ అందరి చేతికీ వచ్చింది. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే చోటుకు ఏ పేరు పెట్టుకున్నారో తెలుసా? రచ్చబండ. ఆ బండ మీద ఎవరైనా కూర్చోవచ్చు.

భాషాశాస్త్రవేత్త ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి నేతృత్వంలో జిల్లా జిల్లా తిరిగి రైతుల మాటలు సేకరించి, మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో తెచ్చారు. ఎంత శ్రమపడి ఉంటారో! మా గ్రూపులో ఒక సాయంత్రం వేయించిన వేరుశనగకాయల ఫోటో పెట్టాను. ఆదిలాబాద్ ఆవిడ "పల్లీలు" అన్నారు. అనంతపురం మాస్టారు "మా బుడ్డలు" అన్నారు. చిత్తూరు నుంచి "చెనిక్కాయలు" అని వచ్చింది. నేను ఆ మాటలను ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. మూడేళ్ళుగా రాస్తున్నాను. ఏ మాటా ఎవరినీ ప్రశ్నలు అడిగి తెచ్చుకున్నది కాదు. ఎదురుగా పరిశోధకుడు కూర్చుంటే మనిషి మంచి బట్టలు వేసుకున్నట్టు మంచి భాష వేసుకుంటాడు. పాత స్నేహితుల మధ్య ఇంటి బట్టల్లో ఉంటాడు. మీరు ఏ జిల్లా వాళ్ళయినా సరే, మీ వాళ్ళతో రాసేటప్పుడు మీ ఇంటి మాటనే రాయండని ఒక తెలుగు టీచరుగా ప్రార్థిస్తున్నాను. రోమన్ లిపిలో రాసేవారిని కూడా నేను తప్పు పట్టను. కాస్త ఓపిక చేసుకుని మన అక్షరాలకు వస్తే సంతోషిస్తాను.

కబుర్లకు ఒక చీడ ఉంది. ఎక్కడో పుట్టి, ఎవరు రాశారో తెలియకుండా, చేతులు మారుతూ వచ్చే సందేశాలు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు ఫోన్లలో పాకింది. దేశంలో పలుచోట్ల, మన తెలుగు నేల మీద కూడా, అమాయకులను కొట్టి చంపారు. ఆ ఏడాదే వాట్సాప్ వారు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టారు. ఆ పుకారును మా గ్రూపులోనూ ఒక మాస్టారు పెట్టారు. అప్పుడు శ్రీకాకుళం టీచరు గారు అడిగిన ప్రశ్న, "మాస్టారూ, మీరు చూశారా?" ఆయన లేదన్నారు. "చూసినవాళ్ళు మీకు తెలుసా?" లేదన్నారు. "అయితే తీసేయండి" అన్నారు. తీసేశారు. ఆయన నొచ్చుకోలేదు, ఎందుకంటే అంతకు ముందు మూడేళ్ళుగా ఆవిడ ముగ్గు చూసి బాగుందని చెబుతున్న మనిషి ఆయన. పరిచయం లేని చోట అదే ప్రశ్న తగువు అయ్యేది. రోజూ ముగ్గు చూడటం, తిథి చదవడం, మబ్బు సంగతి వినడం ఇలాంటి రోజు కోసమే పోగవుతుంది.

తగువులు మాకూ వచ్చాయి. ఒక ఎన్నికలప్పుడు ఇద్దరు మాటా మాటా అనుకుని ఒకరు గ్రూపు వదిలి వెళ్ళారు. పెద్దమనుషుల్లా మాలో కొందరం ఫోన్లు చేశాం, నచ్చజెప్పాం, పనిచేయలేదు. పదకొండు రోజుల తర్వాత, ఆయనతో తగువు పడినవారే ఫోన్ చేసి, "మీ వైపు వాన పడిందా?" అని అడిగారట. అంతే. ఎవరిది తప్పన్న చర్చ ఈ రోజుకీ జరగలేదు.

ఏమీ రాయకుండా చదివి ఊరుకునేవాళ్ళు మా 43 మందిలో పన్నెండు మంది దాకా ఉన్నారు. కొందరికి వాళ్ళ మీద కోపం. నాకు మా తాతగారి అరుగు మీద జనుము పురి పెట్టినాయన గుర్తుకు వస్తాడు. వాళ్ళు వింటున్నారు. గత చలికాలంలో శ్రీకాకుళం టీచరు గారి ముగ్గు రెండు రోజులు రాలేదు. మొదట అడిగింది ఎవరనుకున్నారు? పదేళ్ళలో ఒక్క మాట రాయని మనిషి. "ముగ్గు ఏది?" రెండే పదాలు. ఆవిడ మనవడి ఊరికి వెళ్తూ ఫోన్ ఛార్జరు ఇంట్లో మరిచిపోయారు, అంతే జరిగింది. మూడో రోజు ఫోన్ తెరిచి చూసుకుంటే ఆ రెండు పదాల కింద ముప్పై ఒక్క మంది అడిగిన ప్రశ్నలున్నాయి. ఆవిడ భర్త పోయి ఎనిమిదేళ్ళు, పిల్లలు దూరంగా ఉంటారు. ఆ రోజు ఆవిడ ముగ్గుకు బదులు మనవడి చేత తన చెయ్యి ఫోటో తీయించి పెట్టారు, వేళ్ళకు ముగ్గుపిండితో.

ఈ రోజు పొద్దున నేను ఈ సభకు వస్తున్నానని రాశాను. లెక్కల మాస్టారు దశమో ఏకాదశో చూసి మంచి రోజేనన్నారు. ఆదిలాబాద్ ఆవిడ మిరియాల పాలు తాగి వెళ్ళమన్నారు. అనంతపురం మాస్టారు, "ఎంతమంది వచ్చారో, టిఫిన్ ఏం పెట్టారో వచ్చాక రాయండి" అన్నారు. ఇక్కడ నూరు కుర్చీలు నిండాయి, ఉప్మా పెసరట్టు పెట్టారు, పచ్చడిలో అల్లం ఘాటు సరిగ్గా ఉంది. వాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు, బస్సు ఎక్కగానే రాయాలి.

వెళ్ళొస్తాను.