చిన్న కళాశాలలో ఆట, చదువు, స్నేహం

శ్రోతలకు నమస్కారం. అమెరికా చదువు అనగానే మన తెలుగు ఇళ్లలో పెద్ద పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయాలూ, ఇంజనీరింగూ, కంప్యూటర్ కోర్సులే ప్రస్తావనకు వస్తాయి. అయితే రెండు వేల మంది, లేదా అంతకంటే తక్కువ మంది విద్యార్థులతో, సాహిత్యం మొదలుకొని భౌతికశాస్త్రం దాకా అన్నిటినీ శ్రద్ధగా బోధించే లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు కూడా ఆ దేశంలో చాలా ఉన్నాయి. అటువంటి చోట టీములో ఆడుతూ, చదువులో వెనుకబడకుండా, నలుగురితో కలిసి మెలిసి ఉండడం ఎలాగన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ఈ కళాశాలల్లో అధికభాగం, కళాశాల క్రీడలను నడిపించే ఎన్‌సీఏఏ సంస్థలో మూడవ డివిజన్‌కు చెందినవి. 1973లో ఏర్పడిన ఈ డివిజన్‌లో ఆటను చూసి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్నది నియమం. ఆర్థిక సహాయానికి కుటుంబ పరిస్థితినో, చదువులో ప్రతిభనో చూస్తారు. అందువల్ల రెండవ ఏట ఆట మానుకున్న విద్యార్థికి ఫీజు రాయితీ పోతుందన్న భయం ఉండదు. ఈ ఒక్క నియమం ఆ వయసు పిల్లలకు ఇచ్చే నిబ్బరం చాలా గొప్పదని నేను నమ్ముతాను.

అలాగని అక్కడి చదువు తేలిక కాదు. మసాచుసెట్స్‌లో 1793లో స్థాపించిన విలియమ్స్ కళాశాలలో ట్యుటోరియల్ అనే బోధనా పద్ధతి ఉంది. ఇద్దరు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు, అంతే. ఒక వారం ఒకరు వ్యాసం రాసుకొచ్చి చదివితే రెండవవారు దానిలోని లోటుపాట్లను ఎత్తి చూపాలి. మరుసటి వారం వరుస మారుతుంది. వెనుక బెంచీలో తలదాచుకుందామంటే అక్కడ వెనుక బెంచీ అనేదే లేదు. శనివారం పొరుగు రాష్ట్రంలో మ్యాచ్ ముగించుకొని, తిరుగు ప్రయాణంలో బస్సు సీటుపైనున్న చిన్న దీపం వెలుగులో, మోకాళ్లకు ఐస్ సంచులు కట్టుకొని పుస్తకం చదివే విద్యార్థులు ఇటువంటి కళాశాలల్లో వింతేమీ కాదు. సైన్సు విద్యార్థులకు మరో చిక్కు ఉంది. మధ్యాహ్నం మొదలైన రసాయనశాస్త్ర ప్రయోగం ప్రాక్టీసు వేళకు పూర్తి కావాలని ఎక్కడా లేదు. సెమిస్టరు మొదటి వారంలోనే మ్యాచ్‌ల తేదీలను అధ్యాపకునికీ, ల్యాబ్ వేళలను కోచ్‌కీ రాతపూర్వకంగా తెలియజేసిన విద్యార్థికి ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. మ్యాచ్‌కు ముందు రోజు సాయంత్రం పరుగున వెళ్లి అడిగితే ఇద్దరికీ ఇబ్బందే.

కాలం సర్దుబాటు చేసుకోవడం కంటే కష్టమైనది స్నేహాల సంగతి. టీము కలిసి సాధన చేస్తుంది, కలిసి ప్రయాణిస్తుంది, భోజనశాలలో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటుంది. ఇంటికి దూరమైన పద్దెనిమిదేళ్ల పిల్లకు అది పెద్ద అండ. కానీ విద్యార్థుల సంఖ్య తక్కువగా ఉండి, వారిలో ఆటగాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నచోట, ఆటగాళ్లు ఒక ఊరుగా, మిగిలినవారు మరొక ఊరుగా విడిపోయే ప్రమాదం ఉంది. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కళాశాల 2000 డిసెంబరులో అమెరికన్ ఫుట్‌బాల్, కుస్తీ టీములను రద్దు చేసింది. ఆ రోజుల్లో ఏటా నాలుగు వందలలోపు మందినే చేర్చుకున్న ఆ కళాశాలలో అన్ని టీములకూ ఆటగాళ్లను సమకూర్చాలంటే ప్రవేశాల్లో ఎన్ని సీట్లు కేటాయించాలన్నదే అప్పటి ప్రధాన ప్రశ్న. పూర్వ విద్యార్థులు ఎందరో బాధపడ్డారు, ఆగ్రహించారు. ఆ బాధను నేను అర్థం చేసుకోగలను గాని, ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పూర్వ అధ్యక్షుడు విలియం బోవెన్ తన సహరచయితలతో కలిసి చేసిన అధ్యయనాలు కూడా, ఇటువంటి పేరున్న కళాశాలల్లో ఆట కోసం ఎంపికైన విద్యార్థులు, చేరేనాటి మార్కులను బట్టి ఆశించినంతగా చదువులో రాణించడం లేదని చూపాయి.

అందుకే టీముకు బయట, నాటక బృందంలోనో, కళాశాల పత్రికలోనో, కనీసం పక్కగదిలోనో, ఆటతో సంబంధం లేని స్నేహితులు ఒకరిద్దరైనా ఉండాలంటాను. గాయమై ఒక సీజన్ అంతా మైదానానికి దూరమైనప్పుడు ఆ స్నేహాల విలువ తెలుస్తుంది.

పిల్లలను అటువంటి కళాశాలకు పంపదలచిన తల్లిదండ్రులు చూడడానికి వెళ్లినప్పుడు కోచ్‌ను ఒక మాట అడగండి: ల్యాబ్, ప్రాక్టీసు ఒకే వేళకు వస్తే మీరేమంటారు? ఆ తరువాత టీములోని చివరి ఏడాది విద్యార్థులను, కోచ్ లేనప్పుడు, మీరు ఎవరెవరితో కలిసి భోజనం చేస్తారని అడగండి.