ఆధార్‌లో ఉన్న పేరే రాయండి

అందరికీ నమస్కారం. షెడ్లు మూసి నేరుగా వచ్చినట్టున్నారు, కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను. నేను లాయర్ని కాను, మన విజయవాడ ఆటోనగర్‌లో చిన్న యూనిట్లకు జీతాలు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల బీమా, వైద్యం) లెక్కలు చూస్తుంటాను, అంతే.

మనం మనిషిని ఎలా పెట్టుకుంటాం? తెలిసినవాళ్లు చెబుతారు, సోమవారం రమ్మంటాం, వచ్చాక ఆధార్ జిరాక్స్ ఒకటి తీసుకుని సొరుగులో పడేస్తాం, మిగతాది ఆడిటర్ చూసుకుంటాడులే అనుకుంటాం. ఆ జిరాక్స్ మీద పేరు మాత్రం ఎవరూ చదవరు, అసలు తంటా అక్కడే.

మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే కదా. ఆధార్‌లో పొడి అక్షరం, టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు, పాన్‌లో అది చివరికి పోతుంది, బ్యాంకు పుస్తకంలో అసలు ఉండదు, పెళ్లయిన ఆడవాళ్లకైతే రెండో ఇంటిపేరు కూడా. పుట్టిన తేదీ చూస్తే బడిలో మాస్టారు రాసిందొకటి, ఆధార్‌లో జనవరి 1. కొత్తలో నేనే ఒక వెల్డర్‌కి టెన్త్ మెమో చూసి పేరు ఎక్కించాను. కూతురి పెళ్లికని అతను పీఎఫ్ డబ్బు అడిగితే ఆధార్‌తో కలవలేదని క్లెయిమ్ వెనక్కొచ్చింది. జాయింట్ డిక్లరేషన్, అంటే యజమాని, పనివాడు కలిసి పీఎఫ్ ఆఫీసుకి పెట్టే దిద్దుబాటు అర్జీ, పెట్టి సరిచేయించేసరికి పెళ్లి కూడా అయిపోయింది. తప్పు నాది, బయట తెచ్చిన అప్పుకి వడ్డీ కట్టింది అతను.

అందుకే చేరిన రోజే నాలుగు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అప్పుడే సరిచేయించుకోమనండి. పీఎఫ్ కోసం కొత్తగా చేరినవాళ్లు ఇచ్చే ఫారం 11 అతని చేతే నింపించండి, చదువు రాకపోతే మీరు చదివి వినిపించి నింపండి. ఇదివరకు ఎక్కడైనా పీఎఫ్ ఉందా అని అందులో అడుగుతారు. ఉంటే ఆ పాత యూఏఎన్ నంబరే, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరే రాయాలి. తెలియదంటున్నాడని కొత్తది తీస్తే పాత డబ్బు ఒకచోట, కొత్త డబ్బు ఇంకోచోట పడుతుంది.

యూనిట్‌లో 20 మంది ఉంటే పీఎఫ్, 10 మంది ఉంటే ఈఎస్ఐ తప్పనిసరి. 19 దగ్గర ఆపేద్దాం అనే తెలివి కొందరికి ఉంది, కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు కూడా లెక్కలోకి వస్తారని మర్చిపోతారు.

ఈఎస్ఐ విషయంలో మాత్రం బతిమాలుతున్నాను, ఆలస్యం చేయకండి. జీతం నెలకు 21,000 వరకు ఉన్నవాళ్లందరూ వస్తారు, వాళ్ల వాటా 0.75 శాతం, మీది 3.25. చేరిన పది రోజుల్లోపు పేరెక్కించాలి. "నెలరోజులు చూద్దాం, ఉంటాడో పోతాడో" అంటారు మీరు. లేత్ మీద వేలు పోవడానికి నెల ఆగాలా? దెబ్బ తగిలాక హడావుడిగా పేరెక్కిస్తే ఆఫీసులో అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండదు, ఖర్చు మీ నెత్తిన పడుతుంది. కుటుంబ సభ్యుల వివరాలు కూడా అప్పుడే ఇవ్వండి, భార్యాపిల్లలకు వైద్యం దాని మీదే నడుస్తుంది.

అపాయింట్‌మెంట్ లెటర్ పెద్ద కంపెనీలకే అనుకునేవాళ్లం. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఇప్పుడది అందరికీ ఇవ్వాలి. లెటర్‌హెడ్ మీద పని ఏమిటి, జీతం ఎంత, ఎప్పటినుంచి అని రాసి, సంతకం తీసుకుని, ఒక కాపీ చేతికివ్వండి. తెలుగులో రాసినా అతనికి అర్థమైతే చాలన్నది నా మాట. జీతం 15,000 దాటితే వృత్తి పన్ను 150, 20,000 దాటితే 200 పట్టుకోవాలి, అది కూడా ముందే చెప్పండి, మొదటి జీతం రోజు గొడవ ఉండదు.

వయసు రుజువు లేని పిల్లాడిని మాత్రం ఎవరు చెప్పినా పెట్టుకోకండి. అలాగే పారిపోతాడన్న భయంతో సర్టిఫికెట్ల ఒరిజినల్స్ దాచుకునే అలవాటు మనలో ఉంది. చూసి, జిరాక్స్ మీద సంతకం పెట్టించి తిరిగి ఇచ్చేయండి. మీ బీరువాలో ఇప్పటికే ఉన్నవి రేపే ఇచ్చేయండి.

ఫారం 11 కాపీలు కొన్ని తెచ్చాను, టీ దగ్గర పెట్టాను. ఆధార్‌లో, పాన్‌లో పేరు తేడా ఉన్నవాళ్లు మీ దగ్గర ఎవరైనా ఉంటే ఆ జిరాక్సులు పట్టుకుని అక్కడికే రండి, కూర్చుని చూద్దాం.