తండ్రి ఎవరో తెలియనప్పుడు: డీఎన్‌ఏ జాబితా, మేనరికం, పాత కాగితాలు

[తెరపై: ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల పటం. శీర్షిక.]

తండ్రి ఎవరో తెలియని మనిషి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే నివేదికలో ఆయన పేరు వస్తుందని చాలామంది అనుకుంటారు. పేరు రాదు. వచ్చేది రక్తసంబంధీకుల జాబితా. ఆ బంధువు ఎవరి మనవడో, ఆ తాతకు కొడుకులెందరో, వాళ్లలో ఎవరు ఏ ఏడాది ఏ ఊళ్లో ఉన్నారో చెప్పవలసింది పాత కాగితాలే. ఈ వెతుకులాటపై వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం మేనరికాలు లేని సమాజాలను దృష్టిలో పెట్టుకొని రాసినవి కాబట్టి, మన దగ్గర వాటిని యథాతథంగా పాటిస్తే వెతుకులాట తప్పుదారి పట్టవచ్చు.

[తెరపై: ప్రయోగశాలలో చెంప లోపలి నుంచి నమూనా తీస్తున్న దృశ్యం.]

ముందుగా రెండు పరీక్షలను వేరు చేసి చూడాలి. మొదటిది, ఫలానా వ్యక్తి తండ్రి అవునా కాదా అని తేల్చే పితృత్వ పరీక్ష. 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని కనిపెట్టగా, మన దేశంలో దాన్ని నిలబెట్టినది హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో పనిచేసిన లాల్జీ సింగ్. తర్వాత ఈ పని కోసమే హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. మాజీ ముఖ్యమంత్రి ఎన్.డి. తివారీ తన తండ్రి అని రోహిత్ శేఖర్ వేసిన దావాలో 2012లో నమూనాలను పరీక్షించినది ఆ సంస్థే. డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ తేడా ఎక్కువగా ఉండే సుమారు ఇరవై చోట్లను పోల్చి చూసే ఈ పరీక్ష, కాదని చెప్పడంలోనూ అవునని చెప్పడంలోనూ ఎంతో నమ్మదగినది. అయితే ఎవరిని పరీక్షించాలో ముందే తెలిసి ఉండాలి, ఆ వ్యక్తి ఒప్పుకోవాలి లేదా కోర్టు ఆదేశించాలి.

ఎవరిని అనుమానించాలో కూడా తెలియనివారికి పనికివచ్చేది రెండోది. లాలాజలం నుంచి డీఎన్‌ఏలోని లక్షల బిందువులను చదివి, అదే సంస్థలో పరీక్ష చేయించుకున్న ఇతరులతో పోల్చి, ఎవరితో ఎంత డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉందో సెంటిమోర్గాన్ అనే కొలతలో చెప్పే పరీక్ష ఇది. తల్లికీ బిడ్డకూ, లేదా తండ్రికీ బిడ్డకూ మధ్య సుమారు 3400 వస్తుంది. తండ్రి ఒకరే అయి తల్లులు వేరైన తోబుట్టువుల మధ్య 1750 ప్రాంతంలో, అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున 870 దగ్గర, ఆ తర్వాతి తరం పిల్లల మధ్య 230 దగ్గర ఉంటుంది. ఇవి సగటులు మాత్రమే, అసలు అంకెలు వీటికి అటూఇటూ చాలా దూరం జరుగుతాయి.

[తెరపై: వంశవృక్షం. తల్లి వైపు పేర్లు నిండి ఉన్నాయి, తండ్రి వైపు గళ్లు ఖాళీగా ఉన్నాయి.]

ఊహించి ఒక ఉదాహరణ చెప్పుకుందాం. 1983లో వరంగల్‌లో పుట్టి, అజంజాహీ మిల్లు కార్మికుల వాడలో అమ్మమ్మ దగ్గర పెరిగిన ఒక మహిళకు తండ్రి గురించి తెలిసింది ఒక్కటే: ఆయన మంథని వైపు మనిషి, గోదావరిఖనిలో బొగ్గు బావిలో పనిచేసేవాడు. తల్లి అంతకు మించి చెప్పదు. పరీక్ష జాబితాలో అమెరికాలో పుట్టి పెరిగిన ఒక తెలుగు యువకుడు 410 సెంటిమోర్గాన్లతో కనిపించాడు. ఇలాంటి జాబితాల్లో మనకు తరచుగా కనిపించేది వలస వెళ్లిన కుటుంబాల పిల్లలే. ఇక్కడ ఉన్నవారిలో పరీక్ష చేయించుకున్నవారు తక్కువ కాబట్టి, పక్క ఊళ్లో ఉన్న బంధువు కంటే టెక్సాస్‌లో ఉన్న బంధువు ముందు దొరకడంలో ఆశ్చర్యం లేదు.

మొదట తేలవలసినది అతను తల్లి వైపువాడా, తండ్రి వైపువాడా అన్నది. తల్లి కూడా పరీక్షకు ఒప్పుకుంటే ఇది ఆమె నివేదిక రాగానే తేలుతుంది: తల్లికి కూడా బంధువుగా కనిపించినవారిని పక్కన పెడితే, మిగిలినవారు తండ్రి వైపువారు. తల్లి లేకపోతే మేనమామ గానీ, పెద్దమ్మ, చిన్నమ్మల్లో ఒకరు గానీ ఇచ్చిన నమూనా కొంతవరకు పనికివస్తుంది. అయితే వాళ్లకూ తల్లికీ ఉమ్మడి డీఎన్‌ఏ సగమే కాబట్టి, వాళ్ల జాబితాలో లేనంత మాత్రాన ఒక దూరపు బంధువును తండ్రి వైపుకు తోసెయ్యకూడదు.

ఇక మేనరికం సంగతి. మన దగ్గర అక్క కూతురిని, మేనమామ కూతురిని, మేనత్త కూతురిని చేసుకోవడం తరతరాలుగా ఉంది. పెళ్లిళ్లు కులం లోపలే జరగడం అంతకంటే పాత సంగతి. దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించిన 2017 నాటి అధ్యయనంలో, సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ బృందం కూడా భాగస్వామి. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, ఆపై లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల పడే ముద్ర వాటిలో 81 సమూహాల్లో ఫిన్లాండ్ ప్రజల కంటే, ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల కంటే బలంగా ఉందని అందులో తేలింది. వెతికేవారికి దీని అర్థం ఏమిటంటే, ఒకే కులానికి చెందిన ఇద్దరు అపరిచితుల మధ్య కూడా ఎన్నో తరాల కిందటి చిన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలు కలిసి, దూరపు బంధువు దగ్గరి బంధువులా కనిపిస్తాడు. కాబట్టి మొత్తం అంకెను మాత్రమే చూడకూడదు.

[తెరపై: రెండు పట్టికలు పక్కపక్కన. ఒకదానిలో చాలా చిన్న ముక్కలు, మరొకదానిలో కొన్ని పొడవైన ముక్కలు.]

ఎడమ పట్టికలో 180 సెంటిమోర్గాన్లు ఉన్నా, అవన్నీ పది, పన్నెండు కొలత దాటని చిన్న ముక్కలు. కుడి పట్టికలోనూ దాదాపు అంతే ఉన్నా, అందులో ఒకటి 58, మరొకటి 44. ఇటీవలి బంధుత్వం కుడివైపున ఉంది, ఎందుకంటే ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ తెగుతూ వస్తుంది కనుక పొడవైన ముక్క చాలా తరాలు అలాగే నిలవడం అరుదు. మన ఉదాహరణలోని యువకుడికి 410లో ఒకే ముక్క 70 దాటింది కాబట్టి, అతని వైపు వెతకడం సబబే.

ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. తల్లీ తండ్రీ ఇద్దరూ దగ్గరి బంధువులైతే, బిడ్డ డీఎన్‌ఏలో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ ఒకేలా ఉండే పొడవైన భాగాలు కనిపిస్తాయి. జెడ్‌మ్యాచ్ అనే వెబ్‌సైట్‌లో దీన్ని చూపించే సాధనం ఉంది. మేనమామను పెళ్లాడిన తల్లి బిడ్డలో ఈ భాగాలు సగటున ఎనిమిదో వంతు, మేనత్త కొడుకును పెళ్లాడిన తల్లి బిడ్డలో పదహారో వంతు ఉంటాయి. అయితే తండ్రి పేరు దాచిన ఇంట్లో ఈ అంకె పెళ్లికి సంబంధం లేని చేదు నిజాన్ని కూడా బయటపెట్టవచ్చు. తల్లి బతికి ఉంటే ఆమెకు చెప్పకుండా ఆ బటన్ నొక్కడం మా దృష్టిలో తప్పు.

స్త్రీలకు ఒక సౌలభ్యం ఉంది. తండ్రి తన ఎక్స్ క్రోమోజోమును కూతుళ్లందరికీ మార్పు లేకుండా ఇస్తాడు కాబట్టి, ఇద్దరు స్త్రీల మధ్య ఎక్స్ మొదటి నుంచి చివరి దాకా కలవకపోతే వాళ్లు ఒకే తండ్రి బిడ్డలు కారు. పురుషులకు తండ్రి నుంచి వచ్చేది వై క్రోమోజోము. ఇంటిపేరు కూడా దాని దారిలోనే నడుస్తుంది. కానీ మన దగ్గర ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో ఉంటుంది, ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలూ ఎన్నో; అందువల్ల వై పరీక్ష లేకుండా ఇంటిపేరు కలిసిందని సంబరపడితే లాభం లేదు.

[తెరపై: పాత పహాణీ పుట, పాఠశాల ప్రవేశ రిజిస్టరు.]

ఆ యువకుడు తన తాతముత్తాతల ఊరు మంథని దగ్గరని చెప్పాడనుకుందాం. ఇక్కడి నుంచి పని కాగితాలది. జనన ధ్రువపత్రం తొలి మెట్టే గానీ తండ్రి గడి ఖాళీగా ఉండటమో, ఎవరిదో పేరు రాయడమో ఈ ఇళ్లలో మామూలే. బడి రిజిస్టరులోనూ బడికి తీసుకువెళ్లినవారు చెప్పిందే ఉంటుంది. మన తరంలో సగం ఊరు జూన్ నెలలోనే పుట్టినట్టు కనిపించడం అందుకే. ఇంతకంటే విలువైనవి భూమి కాగితాలు. పట్టాదారు చనిపోయాక జరిగే ఫౌతీ విరాసత్‌లో వారసుల పేర్లు రాస్తారు కాబట్టి, ఆ తాతకు కొడుకులెందరో అక్కడ తెలుస్తుంది. పాత ఓటరు జాబితాలో ఇంటి నంబరు కింద తండ్రి పేరు, వయసు కూడా ఉంటాయి. సింగరేణి కార్మికుడైతే, వారసత్వ ఉద్యోగం కోసం పెట్టిన కుటుంబ సభ్యుల పత్రం నకలు ఆ ఇంట్లో ఉండవచ్చు.

ఏ కార్యాలయానికి వెళ్లాలన్నది మరో తలనొప్పి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది, ఆ వెంటనే మండలాలు వచ్చాయి, 2016లో జిల్లాలు విడిపోయాయి, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా మారింది. మంథని ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి. కాబట్టి దరఖాస్తులో ఇప్పటి జిల్లాతో పాటు ఆనాటి తాలూకా పేరు కూడా రాయాలి.

కాగితం లేని చోట మనిషి ఉంటాడు. తమకు వంశపారంపర్య హక్కు ఉన్న మిరాశీ గ్రామాలకు వచ్చి వంశాలు, గోత్రాలు చెప్పే పిచ్చకుంట్లవారు, మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు ఇప్పటికీ కొన్ని చోట్ల తిరుగుతున్నారు. బయటికి పొక్కని బిడ్డ సంగతి వాళ్ల పాటలో ఉండదు, కానీ ఏ శాఖవారు ఏ ఊరికి తరలివెళ్లారో ఊరి పెద్దల కంటే వాళ్లకే బాగా తెలుస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. పెళ్లి బంధంలో పుట్టిన బిడ్డకు ఆ భర్తే తండ్రి అన్న భావనను పాత సాక్ష్య చట్టంలోని 112వ సెక్షన్ నుంచి 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 116వ సెక్షన్ తీసుకుంది. ఎవరినైనా రక్త పరీక్షకు గానీ, డీఎన్‌ఏ పరీక్షకు గానీ పంపమని అడిగినంత మాత్రాన ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 1993లో గౌతమ్ కుండు కేసు నుంచీ చెబుతోంది. దత్తత వెళ్లినవారు పద్దెనిమిదేళ్లు నిండాక తమ మూలాల కోసం స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు; వాళ్ల తరఫున మూడో వ్యక్తి అడిగితే ఇవ్వరు.

[తెరపై: వంశవృక్షంలో ఇద్దరు అన్నదమ్ముల పేర్ల చోట ప్రశ్నార్థకాలు.]

చివరికి విరాసత్ కాగితం వల్ల మన ఉదాహరణలో ఇద్దరు అన్నదమ్ములు మిగిలారు. ఇద్దరూ 1982లో గోదావరిఖనిలోనే ఉన్నారు, ఇద్దరూ ఇప్పుడు లేరు. అమెరికా యువకుడు ఇద్దరికీ ఒకే వరసలో బంధువు కాబట్టి అతని అంకె ఇక్కడ ఏమీ తేల్చదు. అన్నదమ్ముల పిల్లల్లో ఒకరు పరీక్షకు ఒప్పుకోవాలి. తొలి ఉత్తరం రాసేటప్పుడు ఆస్తి మాట లేకుండా, మన తల్లి పేరు రాయకుండా, తాత తరంలో బంధుత్వం ఉన్నట్టు తెలిసిందని మాత్రమే రాయడం మంచిది, ఎందుకంటే ఆ ఉత్తరాన్ని ముందుగా చదివేది ఆ అన్నదమ్ముల్లో ఒకరి భార్యే కావచ్చు. పెద్దవాడి కొడుకు నమూనా ఇచ్చాక అంకె 1750 దగ్గర వస్తే తండ్రి పెద్దవాడు, 870 దగ్గర వస్తే చిన్నవాడు. రెండిటికీ మధ్యలో ఆగితే, ఆ కొడుకు తల్లికి మన తల్లితో చుట్టరికం ఉందేమో మొదట విచారించాలి, ఆ తర్వాతే చిన్నవాడి పిల్లలను అడగాలి.