ఇంట్లో గెంతే కుక్కకి షట్టర్ ఎంత పెట్టాలి?

[స్క్రీన్ మీద: సోఫా పక్కన ఓ నల్లటి చార. చివర తోక లాంటిదేదో.]

ఇది దెయ్యం కాదండి, మా బొగ్గు. వీధికుక్కగా వచ్చి ఇంటికుక్క అయిపోయింది. మా ఆవిడ బిస్కెట్ ప్యాకెట్ గలగలలాడించగానే వంటింట్లోంచి దూకింది. కెమెరా ఆటోలో ఉంది, అది షట్టర్ తెరిచి ఉండే సమయంగా 1/60, అంటే సెకనులో అరవయ్యో వంతు, ఎంచుకుంది. సెకనుకి 5 మీటర్ల చొప్పున పరిగెత్తే కుక్క ఆ కాస్త వ్యవధిలోనే 8 సెంటీమీటర్లు జరుగుతుంది, అంటే నాలుగు వేళ్లంత. 1/500 పెడితే జరిగేది 1 సెంటీమీటరే.

లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉందిగా అంటారేమో. అది మన చేతి వణుకుని ఆపుతుంది. కుక్కని ఆపడం దాని వల్ల కాదు.

[కెమెరా డయల్ దగ్గరగా]

డయల్ ఎం (మాన్యువల్) మీదకి తిప్పండి. షట్టర్ 1/500. కుక్క తల వంచి చూస్తూ కూర్చుంటే 1/250 చాలు. లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత తెరవండి. ఐఎస్ఓని, అంటే ఫోటోని కెమెరా ఎంత వెలిగించాలో చెప్పే అంకెని, ఆటోలో పెట్టి, పైహద్దు 6400 ఇవ్వండి.

"అమ్మో, ఐఎస్ఓ పెరిగితే ఇసక చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది!" రానివ్వండి. గ్రెయిన్‌ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, సాగిపోయిన మొహాన్ని ఏం చేస్తాం? 1/60 నుంచి 1/500కి వెళ్తే వెలుతురు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అది ఎక్కడి నుంచో రావాలి కదా. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ పూర్తిగా జూమ్ చేస్తే, అంటే 55 ఎంఎం దగ్గర, ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దాదాపు పది రెట్లు వెలుతురు తెస్తుంది. డబ్బు పెట్టాలంటే ముందు దాని మీదే పెట్టండి, కొత్త కెమెరా బాడీ మీద కాదు.

ఇంకో తిరకాసు. ఫ్రేమ్ నిండా నల్లకుక్క ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు చీకటనుకుని ఐఎస్ఓ పెంచేస్తుంది. మా బొగ్గు కాస్తా బూడిదైపోతుంది! ఫోటో వెలుగుని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ 1 వైపు దించండి. తెల్ల పామరేనియన్ అయితే ప్లస్ వైపు.

[ఫోటో: గోడ మీద అడ్డంగా నల్లచారలు]

ఇవి ఎల్ఈడీ బల్బు పుణ్యం. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చౌక బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కంటికి ఆనదు, 1/500కి దొరికిపోతుంది. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ మాని, తెరలా కదిలే మెకానికల్ షట్టర్ వాడండి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ (ఈ మినుకుని తప్పించుకునే సెట్టింగ్) ఉంటే ఆన్ చెయ్యండి. నేనైతే లైటే ఆర్పేస్తాను.

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాటు కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడే. పగటి వెలుతురు పడేది బాల్కనీ తలుపు ముందు, ఓ చాపంత మేర. అందుకే కుక్క వెనక ఇల్లంతా తిరగను. ఆ చాప దగ్గరే కూర్చుని, బిస్కెట్ అక్కడికే విసరమంటాను.

[ఫోటో: బొగ్గు నాలుగు కాళ్లూ గాల్లో. 1/500, ఎఫ్ 1.8, ఐఎస్ఓ 3200]

కళ్లు సూదిమొనలా వచ్చాయి. బిస్కెట్ మాత్రం మసక. అదీ స్పష్టంగా కావాలంటే లెన్స్ తెరిచేది తగ్గించి ఎఫ్ 4కి వెళ్లాలి, అప్పుడు వెలుతురు ఇంకా ఎక్కువ కావాలి. మా బాల్కనీకి అంత స్తోమత లేదు.