అడిగింది కంపెనీ లెక్క, వాళ్లు చెప్పింది మా పేట పేరు

(ఒంగోలులో జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో ఒక రిటైర్డ్ కామర్స్ లెక్చరర్ ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెప్పి పొగడాలంటే నాకిచ్చిన పావుగంటా అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోవద్దు.

డిసెంబరు 24 కాబట్టి ఆన్‌లైన్ షాపింగ్ మోసాల గురించి చెప్పమన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి. అయిపోయింది. మిగతాది బ్యాంకులవాళ్లు రోజూ మెసేజీలు పెడుతూనే ఉన్నారు. నా బాధ వేరు. మన వివరాలు దొంగల చేతికి పోతే ఏం చెయ్యాలో అందరూ చెబుతారు. మనమే సంతకం పెట్టి, జిరాక్సులు జతచేసి ఇచ్చిన చోటు నుంచి పోతే?

హాల్లో జుట్టు నెరిసినవాళ్లు చాలామందే ఉన్నారు. 1990ల నడుమ మన తీరం పొడవునా నెల్లూరు దాకా రొయ్యల చెరువులు తవ్విన రోజులు గుర్తున్నాయా? పొగాకు మీద మిగిలిన డబ్బు కూడా షేర్లలోకే పోయింది. తెల్లమచ్చ తెగులు వచ్చింది, 1996 డిసెంబరులో తీరంలోని చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఎన్నో కంపెనీలు బోర్డు తిప్పేశాయి. నా దగ్గర కాగితం సర్టిఫికెట్లుగా ఉన్న షేర్లలో బతికింది ఒక చిన్న రొయ్యల మేత కంపెనీ. పేరు చెప్పను. మేత మాత్రం మంచిదే, ఆ మాట దాచను.

కాగితం షేర్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి కేవైసీ, అంటే మన వివరాల నమోదు, పూర్తయితేనే డివిడెండ్ (లాభంలో వాటా), అదీ బ్యాంకు ఖాతాలోకే. పాన్, ఖాతా నంబరు, చిరునామా, సంతకం అన్నీ పంపాను. మొబైల్ గడిలో మా ఆవిడ నంబరు రాశాను. నా ఫోను ఎప్పుడూ సైలెంట్‌లోనే ఉంటుందని ఆవిడకు కోపం. ఈ నంబరు సంగతి గుర్తుపెట్టుకోండి.

తర్వాత వీడియోలో కంపెనీ వాటాదారుల సర్వసభ్య సమావేశం. నేనడిగింది ఒక్కటే. ముడిసరుకు అమ్ముతున్నది ఎండీగారి బావమరిది కదా, రేటు ఎట్లా ఖాయం చేశారు అని. "చట్టప్రకారం ఆయన బంధువు కాడండీ, మిగతాది సరఫరాదారు ప్రైవసీ" అన్నారు. మొదటి మాట నిజమే సుమండీ! కంపెనీల చట్టం కింది 2014 నిబంధనల్లో బంధువుల జాబితా ఉంది. కొడుకు, కోడలు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారు. బావమరిది లేడు. ఆ జాబితా రాసినాయన మన జిల్లాలో పెళ్లి చూసి ఉండడు. నేను ఇంకేదో అడగబోతే మైకు మ్యూట్ చేశారు.

వారం తిరక్కముందే ఫోను. మా ఆవిడ ఎత్తింది. ఎంతో మర్యాదగా మాట్లాడాడట. "అమ్మా, మాస్టారున్నారా? మీరుండేది సంతపేటలోనేగా? మీ అబ్బాయి ఆఫీసులో మాకు తెలిసినవాళ్లున్నార్లేమ్మా. ఈ వయసులో మాస్టారికెందుకు ఈ టెన్షన్లు?" ఇందులో బెదిరింపు ఒక్క ముక్క లేదు. ఏమని కేసు పెట్టాలి? ఆ నంబరు ఆ ఫారం మీద తప్ప కంపెనీకి పంపిన ఏ కాగితం మీదా లేదు. ఎవరు బయటపెట్టారో నేను రుజువు చెయ్యలేను, అందుకే పేర్లెత్తడం లేదు.

చీటీ అందింది సార్, అయిదు నిమిషాలు.

సత్యం కంప్యూటర్స్ సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పాలా? 2008 డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబానివే అయిన మేటాస్ కంపెనీలు కొంటామన్నారు. మదుపరులు గోలపెడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. మూడు వారాలకు, జనవరి 7న, అసలు లెక్క ఛైర్మన్ రాసిన ఉత్తరంలో బయటపడింది. ఆ రోజు అడిగినవాళ్లలో పెద్ద పెద్ద ఫండ్లవాళ్లున్నారు. వాళ్ల ఇంటికి ఫోన్ చేసి అబ్బాయి ఏం చేస్తున్నాడని ఎవరడుగుతారు?

యాజమాన్యాల బాధ కూడా విన్నాను. చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేసే నా పాత విద్యార్థి, "దొంగ పేరుతో తిట్టేవాడు వాటాదారుడో, పోటీదారుడో మాకెట్టా తెలుస్తుంది సార్" అన్నాడు. నిజమే. ఎండీ కూతురి పెళ్లి ఫొటోలు వాట్సాప్‌లో తిప్పి "ఇదిగో మన డబ్బు" అని రాసినవాళ్లున్నారు. ఆ పిల్ల ఏం చేసింది?

ఇప్పుడు అసలు చిక్కు వినండి. 2022 ఏప్రిల్‌లో కంపెనీల నిబంధన మార్చారు. సభ్యుల రిజిస్టరు, అంటే వాటాదారుల జాబితా, చూడొచ్చు గానీ అందులో చిరునామా, ఈమెయిల్, పాన్ కనబడవు. మంచిదే అనిపిస్తుంది. మరి యాజమాన్యం మీద కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోవాలంటే వందమంది సభ్యులో, మొత్తంలో పదోవంతు సభ్యులో కలవాలి, ఏది తక్కువైతే అది. లేదా మూలధనంలో పదోవంతు మన చేతిలో ఉండాలి. ఆ వందమందిని ఎక్కడని వెతకను? పేర్లుంటాయి, ఊళ్లుండవు. ప్రకాశం జిల్లాలో వెంకటేశ్వర్లని వెతికి చూడండి! కంపెనీ దగ్గర మాత్రం అందరి ఇంటి నంబర్లూ ఉంటాయి. నాకు సాటి వాటాదారుడు కనబడడు, వాళ్లకు నేను పడగ్గది దాకా కనబడతాను. ఏమ్మా, ముందు వరసలో అడ్వకేట్లున్నారు, దీనికి దారి చెప్పండి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది జడ్జీలు అన్నారు. 2023లో వ్యక్తిగత డేటా చట్టం చేశారు. ఏ పనికని ఇచ్చామో ఆ పనికే వాడాలన్నది దాని సారం.

బయట బల్ల మీద ఒక ఉత్తరం నమూనా పెట్టాను. నా కేవైసీ కాగితాలు ఎవరెవరి చేతికి వెళ్లాయో రాతపూర్వకంగా చెప్పమని అడిగేది. కంపెనీ పేరు దగ్గర ఖాళీ వదిలాను, మీది మీరు నింపుకోండి. షేరు సర్టిఫికెట్ మీది ఫోలియో నంబరు చాలు, ఫోన్ నంబరు రాయకండి. పోస్టాఫీసు నాలుగింటి దాకా ఉంటుంది, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపండి.