ఎగ్జిస్టెన్స్‌కు, తిష్ఠకు చుట్టరికం

నమస్కారం. ఉనికి అనే అర్థమున్న ఇంగ్లీషు మాట ‘ఎగ్జిస్టెన్స్’ సంస్కృతంలోని ‘అస్తి’ (ఉన్నది) నుంచి పుట్టిందని, రెండూ వినడానికి దగ్గరగా ఉన్నాయి గనుక ఇక సందేహమే అక్కరలేదని చెప్పే వీడియోలు నాకు తరచుగా ఎదురవుతున్నాయి. చెవికి ఒకేలా వినబడితే చాలు, చుట్టరికం కలిపేసే ఈ అలవాటు నాకు చిరాకు కలిగిస్తుంది. అందుకే కోటిపల్లి రేవులో నిలబడి ఈ మాట సంగతి చెబుతున్నాను.

లాటిన్‌లో దీని మూలం ‘ఎక్స్‌సిస్తెరె’. ‘ఎక్స్’ అంటే బయటికి. ‘సిస్తెరె’ అంటే నిలుచు, నిలబెట్టు. ‘ఎక్స్’ చివర సకారం ఎలాగూ పలుకుతుంది కాబట్టి రెండో సకారం రాతలో జారిపోయింది. మిగిలిన ‘ఇస్తెరె’ చెవికి ‘అస్తి’లా తోచే గందరగోళమంతా అక్కడే మొదలైంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో, రోమన్ వక్త సిసెరో నాటికి, ఈ క్రియకు వెలికి రావడం, పైకి తేలడం అనే అర్థాలు బలంగా ఉండేవి.

ఎదురుగా ఉన్న గౌతమినే చూడండి. ఆగస్టులో ఎర్రనీరు గట్టును ఒరుసుకుని పారుతున్నంతకాలం నది తప్ప మరేమీ కనబడదు. వరద తీశాక నీటి నడుమ ముందు సన్నని బూడిదరంగు చార కనబడుతుంది, తర్వాత అడుగు పెడితే మడమ దాకా దిగబడే ఒండ్రు తేలుతుంది, అది ఎండి నెర్రెలు విచ్చిన చోట రెల్లు మొలుస్తుంది, ఆపై వచ్చిన వరదలకు కూడా కొట్టుకుపోకపోతే దానిని మనం లంక అంటాము. ఇసుక అంతకుముందూ నీటి అడుగున ఉన్నదే. అయితే పాత లాటిన్ అర్థంలో లంక ‘ఎగ్జిస్ట్’ కావాలంటే అది నీటిలోంచి బయటపడి నిలవాలి. తేలిన మేట మరుసటి వరదకే కొట్టుకుపోయిందా, ‘ఎక్స్’ జరిగింది గాని ‘సిస్తెరె’ జరగలేదన్నమాట.

ఈ ‘సిస్తెరె’కు సంస్కృతంలో బంధువు ‘తిష్ఠతి’, అంటే నిలుచున్నాడు. ధాతువు మొదటి భాగాన్ని రెట్టించి క్రియను కట్టే పద్ధతి రెండింటిలోనూ ఒక్కటే. పండగకు వచ్చి కదలని చుట్టం తిష్ఠ వేశాడని మనం విసుక్కునేటప్పుడు వాడేది ఆ ధాతువునే. ‘అస్తి’కి బంధువు లాటిన్‌లో అదే అర్థమున్న ‘ఎస్త్’. ఆ కుదురులోని ‘ఎస్సె’ (ఉండు) నుంచి వచ్చినది ‘ఎసెన్స్’, అంటే సారం. లాటిన్ సంస్కృతానికి బిడ్డ కాదని, రెండూ ఒకే పూర్వభాష నుంచి విడివడ్డాయని మరొక్కసారి చెప్పక తప్పదు.

సమయం అయిపోతోంది గనుక మిగిలినది త్వరగా చెబుతాను. 4వ శతాబ్దంలో రోమన్ రచయిత మారియుస్ విక్టోరినుస్ రచనల్లో ఎగ్జిస్టెన్స్ లాటిన్ రూపం తత్త్వశాస్త్ర పదంగా కనబడుతుంది; 14వ శతాబ్దం చివరికి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరింది. 1945లో పారిస్ ఉపన్యాసంలో ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్ర్ ఎగ్జిస్టెన్స్ ముందు, ఎసెన్స్ తరువాత అన్నాడు. ఆయన వాదానికి తెలుగులో మనం పెట్టుకున్న పేరు అస్తిత్వవాదం. అంటే ఆయన వెనక్కి నెట్టిన ‘ఎసెన్స్’కు బంధువైన ధాతువునే తెచ్చి ముందు కూర్చోబెట్టాము. స్థిరపడిన పేరును ఇప్పుడు మార్చమని మాత్రం నేను అడగను.